తూకము తప్పిన మాట

వర్తకుని యొద్ద రెండు త్రాసులు కలవు. ఒకటి అంగడిలో నుండునది, రెండవది నోటిలో నుండునది. అంగడి త్రాసును సర్కారు వారు గడువు ప్రకారము పరీక్షించి ముద్ర వేయుదురు. పావగడలో గాని, మడకశిరలో గాని, హిందూపురములో గాని వేరుశనగ కాయలు తెచ్చిన రైతు తూకము వంక రెప్ప వేయక చూచుచునే యుండును. అందుచేత ఆ త్రాసు తప్పుటకు వెరచును. నాలుకకు ముద్ర లేదు, పరీక్ష లేదు, నిలిచి చూచువాడు లేడు. నరము లేని నాలుక ఎటులైనను తిరుగునని పెద్దలు ఊరకనే అనలేదు. సరకు తూకము తప్పిన నష్టము కిలోలలో లెక్కకు వచ్చును. మాట తూకము తప్పిన నష్టము ఏ చిట్టాలోను, ఏ ఆవర్జాలోను ఎక్కదు. అది ఎక్కునది కర్మ ఖాతాలోనే.

పూర్వము ఒకని నిందించిన మాట వీధి చివరి వరకు పోయి ఆగెడిది. నేడు నాలుకకు తోడుగా ప్రతి చేతిలో ఒక ఫోను వచ్చి చేరినది. అంగడిలో గిరాకీ లేని పది నిమిషములలో వ్రాసిన మాట సముద్రములు దాటి, ముఖమెరుగని బిడ్డ ఇంటి గడపలోనికి పోవుచున్నది. కావున వాక్కును గూర్చి శాస్త్రము చెప్పిన హెచ్చరిక నేడు తగ్గలేదు సరికదా, వేయింతలు పెరిగినది. ఇందుకు దృష్టాంతముగా అమెరికా దేశమున జరిగిన ఒక సంగతి చూడదగియున్నది.

2011వ సంవత్సరము జనవరి మాసమున, ఆ దేశపు వాషింగ్టన్ రాష్ట్రములో 11 ఏండ్ల బాలుడొకడు వీడియో ఆటల విషయమున శిక్ష పొందెను. ఆ బాలుడు ఆటిజం అను స్థితి గలవాడు. మైక్రోసాఫ్ట్ కంపెనీ వారి ఎక్స్‌బాక్స్ లైవ్ అను ఆటల వ్యవస్థలో అతనికొక ఖాతా ఉండెను. ఆటలో ఒక్కొక్క ఘట్టము సాధించినప్పుడు ఆ ఖాతాకు కొన్ని మార్కులు జమ యగును. ఆ మార్కులు న్యాయముగా వచ్చినవి కావని కంపెనీ తీర్మానించెను. వాటిని కొట్టివేసి, తోటి ఆటగాండ్రందరికి కనబడునట్లు ఖాతా మీద ‘మోసగాడు’ అను ముద్ర వేసెను. ఆట ఆడుకొనుటను మాత్రము మాన్పించలేదు. బాలుని తల్లి ఈ తీర్మానమును ఒప్పుకొనక టెలివిజన్ వారితో మొరపెట్టుకొనెను. నియమము తప్పిన మాట నిజమేనని కంపెనీ తన మాట మీదనే నిలిచెను.

అంతట చూపరుల తీర్పులు మొదలైనవి. లోకము నలుమూలల నుండి, ఆ బాలుని ఎన్నడును చూడనివారు, ఆ ఖాతాను పరీక్షింపనివారు మాటలాడసాగిరి. కొందరు “వ్యాధి ఉన్నంత మాత్రమున మోసము మోసము కాకపోవునా? నియమము అందరికి ఒకటే” అనిరి. కొందరు “పాపము, ఏమియు తెలియని పిల్లవాడు, కంపెనీయే కఠినాత్మ” అనిరి. మరికొందరు తల్లిని ఎగతాళి చేసిరి, బిడ్డను ఎగతాళి చేసిరి, చివరకు ఆ స్థితినే తిట్టుగా వాడుకొనిరి. నిజమునకు ఆ ఖాతాలో జరిగినదేమి అన్నది ఆ మూడు తెగలలో ఎవరికిని తెలియదు. తెలియని దానిని తెలిసినట్లు పలుకుట ఒక్కటే ఆ ముగ్గురికిని సమానము.

ఇట్టి సంగతి ఎదురైనప్పుడు జైన శ్రావకుడు ఏమి తలపవలెను? ఏమి పలుకవలెను? ఏది పలుకకుండవలెను?

మొట్టమొదట ఒక మాట నిస్సందేహముగా చెప్పవలసియున్నది. ఆటలోనైనను మోసము దోషమే. పని చేయక కూలి తీసికొనుట ఎట్టిదో, ఆడక గెలుపు వ్రాసికొనుట అట్టిది. దిగంబరులును శ్వేతాంబరులును సమానముగా గౌరవించు తత్త్వార్థసూత్రమునందు ఉమాస్వాతి ఆచార్యులు అచౌర్యాణువ్రతమునకు అయిదు అతిచారములు చెప్పిరి. దొంగతనమునకు ప్రేరేపించుట, దొంగసొత్తు కొనుట, రాజ్య నియమమును అతిక్రమించుట, కొనునప్పుడు ఒక కొలత అమ్మునప్పుడు ఒక కొలత వాడుట, మంచి సరకులో నకిలీ కలుపుట అనునవి ఆ అయిదు. వీనిలో కడపటి రెండును సూటిగా వర్తకుని కొరకే చెప్పినట్లున్నవి. ఆటలో లేని మార్కును ఉన్నట్లు చూపుట హీనాధిక మానోన్మానమునకు తమ్ముడే. కనుక బిడ్డ గదా అని తప్పును ఒప్పు చేయుట ధర్మము కాదు. తప్పునకు తప్పని పేరు పెట్టని ఇంటిలో బిడ్డలకు వ్రతమేదో తెలియదు.

అయినను శాస్త్రము అక్కడ ఆగలేదు. ఒకే క్రియ ఇద్దరు చేసిన ఇద్దరికిని కర్మబంధము ఒకే విధముగా ఉండదని అదే గ్రంథము ఆరవ అధ్యాయమున చెప్పుచున్నది. భావము తీవ్రమా, మందమా? చేసినవాడు తెలిసి చేసెనా, తెలియక చేసెనా? ఏ సాధనముతో, ఎంత శక్తితో చేసెను? ఇన్నియు చూడనిదే ఆస్రవమును లెక్క కట్టుటకు వీలులేదు. నియమము అందరికి ఒకటే అన్నవారు సగము నిజము పలికిరి. నియమము ఒకటే, కాని దోషము ఒకటి కాదు. ఒకే వెల గల రెండు మూటలు ఒకే బరువు ఉండవని వర్తకుని బిడ్డకు వేరుగా చెప్పవలెనా?

ఆటిజం అను స్థితి గలవారందరు ఒక్క తీరున ఉండరు. కొందరు మాటలాడరు, కొందరు అనర్గళముగా మాటలాడుదురు. ఎదుటివాని మనసులోని తలంపును ముఖము చూచి గ్రహించుట చాలమందికి కష్టము. మాటను మాటగానే తీసికొందురు, వెటకారము తెలియదు. ఒక పని మీద మనసు పడినచో దానిని విడువరు. నియమమును ఇతరులకంటె గట్టిగా పట్టుకొని, ఎవరైన తప్పినచో తల్లడిల్లువారును వారిలో ఉన్నారు. కావున వీరు మోసము చేయుదురనుటయు తప్పే, వీరికి మంచిచెడ్డలు తెలియవనుటయు తప్పే. ఒక్కొక్కరిని ఒక్కొక్కరుగా చూచి తెలిసికొనవలసినదే. అట్లు తెలిసికొనుటకు ఓపిక లేనివాడు తీర్పు చెప్పుటకు అర్హుడు కాడు.

ఇక శిక్ష సంగతి. జైన సంఘమున శిక్ష లేదని ఎవరును తలపరాదు. ప్రాయశ్చిత్తమునకు తత్త్వార్థసూత్రము తొమ్మిది మెట్లు చెప్పినది. మొదటిది ఆలోచన, అనగా గురువు ఎదుట తన తప్పును తానే చెప్పుకొనుట. తరువాత ప్రతిక్రమణము, ఆ రెండును కలసినది, వివేకము, వ్యుత్సర్గము, తపస్సు, ఛేదము, పరిహారము, ఉపస్థాపనము. ఛేదమనగా సాధువు దీక్షా కాలములో కొంత కోసివేయుట. అనగా సంపాదించిన పెద్దరికమును తగ్గించుట. ఆ బాలుని మార్కులు కొట్టివేయుట దీనికి దగ్గరగా నున్నది. తప్పు రుజువైనచో దానిని అన్యాయమనుటకు వీలులేదు. అక్రమముగా వచ్చిన జమను ఆవర్జాలో కొట్టివేయవలసినదే గదా!

కాని రెండు భేదములు గమనింపదగినవి. జైన ప్రాయశ్చిత్తములో మొదటి మెట్టు శిష్యుని మాట వినుట. గురువు ఏకాంతమున వినును. దేశము, కాలము, శిష్యుని శక్తి చూచి తగినది విధించును. విన్న దోషమును పదిమందిలో బయటపెట్టిన గురువు తానే దోషి యగును. ఇక కడపటి మెట్టు ఉపస్థాపనము, అనగా మరల నిలుపుట. తరిమివేయుట కొరకు ఏర్పడిన మెట్టు కాదది, తిరిగి తెచ్చుకొనుట కొరకు ఏర్పడినది. ముఖమున వేసిన ముద్రకు ఈ రెండును లేవు. అది వినదు, తిరిగి తెచ్చుకొనదు. అహింసాణువ్రతపు అతిచారములలో అతిభారారోపణము ఒకటి. మోయగలిగినదానికంటె ఎక్కువ బరువు ఎత్తుట హింస. ఎద్దు వీపునకు చెప్పిన ఈ న్యాయము 11 ఏండ్ల బిడ్డ మనసునకు చెల్లదా?

చూపరుల పాపము దీనికంటె పెద్దది. కంపెనీకి తన నియమమును కాపాడుకొను అధికారమైనను ఉన్నది. చూపరికి ఏ అధికారము ఉన్నది? పదునెనిమిది పాపస్థానములలో అభ్యాఖ్యానము, పైశున్యము, పరపరివాదము అని మూడు ఉన్నవి. లేని దోషమును అంటగట్టుట అభ్యాఖ్యానము. చాటున చాడీలు మోయుట పైశున్యము. ఉన్న దోషమునే పదిమందిలో చెప్పుకొని ఆనందించుట పరపరివాదము. మూడవది మిక్కిలి మోసకారి. “నేను అబద్ధమాడలేదు గదా, ఉన్నదే అంటిని” అని దానిని చేయువాడు తన్ను తాను సమర్థించుకొనును. ఫోనులో వచ్చిన వార్తను మరొక పదిమందికి పంపువాడు చేయునదియు ఇదియే. పరనింద, ఆత్మప్రశంస నీచగోత్ర కర్మమునకు కారణములని శాస్త్రము చెప్పినది. ఇతరుని తక్కువ చేయువాడు తనకే తక్కువ జన్మ కొని తెచ్చుకొనునని దీని భావము.

ఒక వర్తకుడు ఈ విషయమున ఎట్లు ప్రవర్తించెనో జైన కథలు చెప్పుచున్నవి. తామ్రలిప్తి నగరమున జినేంద్రభక్తుడను శ్రేష్ఠి ఉండెను. అతని మేడ మీద పార్శ్వనాథ స్వామి ఆలయము, స్వామికి పైన ఛత్రము, ఛత్రమున వెలలేని వైడూర్యము. సూర్యుడను దొంగ క్షుల్లకుని వేషమున వచ్చి శ్రేష్ఠి నమ్మకము సంపాదించి, రాత్రివేళ ఆ మణిని అపహరించి పరుగెత్తెను. కాపలావారు వెంబడింపగా వాడు దిక్కు తోచక శ్రేష్ఠి యొద్దకే వచ్చి పడెను. శ్రేష్ఠికి క్షణములో సర్వము అర్థమైనది. అయినను జనుల ఎదుట “ఇతడు నేను తెమ్మన్నందున తెచ్చినాడు” అని వారిని పంపివేసెను. తరువాత ఏకాంతమున వానిని గట్టిగా మందలించి, పంపివేసెను. సమంతభద్రాచార్యులు తమ శ్రావకాచార గ్రంథమున ఉపగూహన అంగమునకు ఈ శ్రేష్ఠినే ఉదాహరణముగా పేర్కొనిరి. నిజముగా దొంగయైన పెద్దవాని దోషమునే శ్రేష్ఠి జనులకు మరుగుపరచెను. దోషము తేలని పసివాని మీద ఈనాటి శ్రావకుడు అరచి చెప్పవచ్చునా? శ్రేష్ఠి తప్పును ఒప్పని అనలేదు. మణిని వదలుకొనలేదు, మందలింపును వదలుకొనలేదు. వీధిలో పంచాయితీని మాత్రమే వదలుకొనెను.

పసివాడు, ఆట, నియమభంగము, పెద్దల నింద ఈ నాలుగును ఒక్కచోట కూడిన వృత్తాంతము భగవతీ సూత్రముననే ఉన్నది. అతిముక్తకుడు చిన్ననాటనే మహావీర స్వామి శాసనమున దీక్ష పొందిన బాలముని. ఒకనాడు పెద్ద వాన కురిసినది. బాలముని భిక్షాపాత్ర తీసికొని బయటకు పోవుచుండగా దారిలో నీటి కాలువ కనబడెను. మట్టితో అడ్డుకట్ట వేసి, పాత్రను నీటిలో వదలి, “ఇది నా పడవ” అని ఆడుకొనసాగెను. సాధువు పచ్చినీటిని తాకరాదు; నీటి జీవులకు హింస యగును. అది నియమభంగమే. పెద్ద మునులు చూచిరి. చూచి, నేరుగా స్వామి కడకు పోయి, తమ శిష్యుడైన ఈ బాలముని ఎన్ని జన్మములకు సిద్ధి పొందునని అడిగిరి. ప్రశ్నలోనే ములుకు ఉన్నది. స్వామి ఇచ్చిన ఉత్తరము వారు ఎదురుచూచినది కాదు. ఈ జన్మముననే సిద్ధి పొందును, మీరు అతనిని హేళన చేయవలదు, నిందింపవలదు, అవమానింపవలదు, విసుగులేక అతనికి సేవ చేయుడని ఆజ్ఞాపించెను. మునులు స్వామికి నమస్కరించి అట్లే చేసిరి.

ఈ వృత్తాంతమున పడవ ఆట మంచిదని స్వామి చెప్పలేదు. బాలుడు తరువాత తన తప్పు తెలిసికొని పశ్చాత్తాపపడెననియే సంప్రదాయము. పెద్దలు చూచినది నీటిలోని పాత్రను మాత్రమే, స్వామి చూచినది ఆ పాత్రను వదలిన ఆత్మను. ఆనాడు ఆ మునుల చేతిలో ఫోనులున్నచో ఆ బాలుని సంగతి ఏమైయుండునో ఊహింపవచ్చును.

ఇక “పాపము, ఏమియు తెలియనివాడు” అన్నవారి సంగతి. దయతో పలికిన మాటయే, కాని ఇదియు తూకము తప్పిన మాటయే. మాషతుష ముని కథ ఎరుగని జైన గృహముండదు. గురువు చెప్పిన “మా రుష, మా తుష” అను రెండు మాటలు, అనగా కోపింపకుము, పొంగిపోకుము అనునవి, అతనికి నోటికి రాలేదు. “మాష తుష” అని తప్పుగా వల్లించుచుండెను. జనులు నవ్విరి. అతడు నవ్విన వారిమీద కోపింపలేదు. మినుము వేరు, పొట్టు వేరు. అట్లే ఆత్మ వేరు, దేహము వేరని ఆ తప్పు మాటలోనే తత్త్వమును గ్రహించి కేవలజ్ఞానము పొందెను. కుందకుందాచార్యులు భావపాహుడమున ఇట్టివాడైన శివభూతిని స్మరించిరి. బుద్ధి మందగించుట జ్ఞానావరణీయ కర్మపు మబ్బు మాత్రమే. మబ్బు సూర్యుని తగ్గింపజాలదు. కనుక అట్టి బిడ్డను దండింపకుండుట చాలదు. వానికి తగిన భాషలో, వానికి పట్టునంత కాలము, ధర్మము నేర్పవలెను. నేర్పు బాధ్యతను తప్పించుకొనుటకు జాలిని అడ్డు పెట్టుకొనరాదు.

భారతదేశపు చట్టములును నేడు ఈ దారికే వచ్చియున్నవి. 7 ఏండ్లు దాటి 12 ఏండ్లు నిండని బిడ్డకు తన చేష్ట స్వభావమును తెలిసికొను పరిపక్వత లేనిచో అది నేరము కాదని 1860 నాటి శిక్షాస్మృతి చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితయు అట్లే చెప్పుచున్నది. 2015 నాటి బాలన్యాయ చట్టము బిడ్డ విషయమున నిందాపూర్వకమైన పేర్లు వాడరాదనియు, వానికి క్రొత్త ఆరంభము నీయవలెననియు మూలసూత్రములుగా పెట్టినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. ఆటిజం అందులో ఒకటి. అట్టివారిని పదిమంది ఎదుట కావలెనని అవమానించిన వారికి 6 నెలలకు తక్కువ కాకుండ 5 ఏండ్ల వరకు చెర, జరిమానా కలవు. చట్టపు భయముచేత నోరు మూసికొనువాడు కంటె, వ్రతముచేత నోరు అదుపులో నుంచువాడు శ్రేష్ఠుడని చెప్పనక్కర లేదు.

దూరదేశపు బాలుని విషయమై ఇంత చెప్పుట దేనికని ఎవరైన అనవచ్చును. పావగడ తాలూకాలోని పల్లెలను చూచిన ఉత్తరము దొరకును. అక్కడ అనేక గ్రామములలో బోరు నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును మించియున్నది. ఆ నీరు త్రాగి పెరిగిన బిడ్డల పండ్లు గోధుమ రంగు మచ్చలు తేలును. ఏండ్ల తరబడి త్రాగినవారి ఎముకలు బిగిసి నడక వంకర పోవును. ఆ బిడ్డ బడిలో నోరు మూసికొని నవ్వును. తోటివారు పెట్టిన పేరు వానికి ఊరి పేరుకంటె గట్టిగా అతుకును. కంటికి కనబడు వైకల్యమునకే ఇట్లున్నచో, కంటికి కనబడని దానికి ఎట్లుండునో తలచుకొనవలెను. కుళ్ళిన దేహముతో వచ్చిన మునికి అసహ్యపడక సేవ చేసిన ఉద్దాయన రాజును నిర్విచికిత్సకు ఉదాహరణముగా చెప్పుకొను సంఘమున, పండ్ల మచ్చలు చూచి నవ్వు బిడ్డ పెరుగుట తగునా?

కొన్ని సంపన్న గృహములలో సైతము, తక్కిన పిల్లల సంబంధములు తప్పిపోవునను భయముతో ఇట్టి బిడ్డను అతిథులు వచ్చినప్పుడు వెనుక గదిలో నుంచుట కలదు. వచ్చిన బంధువు తల్లి ముఖము మీదనే “పూర్వకర్మ” అని నిట్టూర్చి పోవును. కర్మ సిద్ధాంతము తన్ను తాను పరీక్షించుకొనుటకు ఇచ్చిన అద్దము, ఎదుటివాని మీదికి విసరు రాయి కాదు. దుఃఖములో నున్నవారి యెడ కారుణ్యము, దిద్దుబాటునకు లొంగనివారి యెడ మాధ్యస్థ్యము అని శాస్త్రము భావనలను విడదీసి చెప్పినది. ఎవరి యెడను పరిహాసము చెప్పలేదు.

కావున శ్రావక గృహములలో చేయవలసినది స్పష్టము. ఆవర్జాలో జమ వైపు మాత్రమే చూచి లెక్క తేల్చని వర్తకుడు, ఒక వైపు వార్త మాత్రమే విని మనిషిని తేల్చరాదు. బిడ్డ పేరు, ముఖము, తప్పు ఉన్న వార్తను ఫోనులో ముందుకు పంపరాదు. తన బిడ్డ ఆటలో మోసము చేసినచో చాటున కూర్చుండబెట్టుకొని, మొదట విని, తరువాత చెప్పవలెను. అయితే చెప్పువాని చేయి శుభ్రముగా నుండవలెను. అప్పులవాడు వచ్చినప్పుడు “నాన్న ఇంట లేడని చెప్పు” అని బిడ్డను గుమ్మములోనికి పంపిన తండ్రి, నకిలీ కలిపిన మూటను బిడ్డ చూచుచుండగా అమ్మిన తండ్రి, ఆటలో మోసము తగదని ఏ నోటితో చెప్పును? చివరగా, పాఠశాలలో, ఉపాశ్రయమున, భోజన పంక్తిలో ఇట్టి బిడ్డకు అందరితోపాటు చోటు ఉండవలెను. వాత్సల్యము సమ్యగ్దర్శనమునకు అంగము. అంగము లేని దర్శనము తానే వికలాంగము.

పావగడ తాలూకాలోని నిడుగల్లు కొండ జైనులకు పాతదైన పుణ్యస్థలము. ఇరుంగోళ చోళుడు ఏలుచుండగా 1232వ సంవత్సరమున గంగేయన మారెయ అను శ్రావకుడు అక్కడ పార్శ్వజిన బసదిని కట్టించినట్లు శాసనము చెప్పుచున్నది. రాజ్యము పోయినది, కోట శిథిలమైనది, ఆ మనిషి చేసిన తప్పులు ఏవియో ఎవరికిని తెలియవు. ఎనిమిది వందల ఏండ్ల నాటి వానిని గూర్చి ఆ రాయి మోయుచున్నది దాన మొక్కటియే. ఏది చెక్కవలెనో, ఏది చెక్కరాదో ఆ పెద్దలకు తెలియును. నేటి ఫోను వ్రాతయు రాతి మీది వ్రాత వంటిదే, ఒకసారి ఎక్కినచో చెరపుట కష్టము. దానిమీద పసివాని తప్పును చెక్కువాడు తన చేతినే చూచుకొనవలెను.

సంవత్సరి నాడు ప్రతి శ్రావకుని ఫోను నుండి వందలాది ‘మిచ్ఛామి దుక్కడం’ సందేశములు పోవుచుండును. వాటిలో ఎక్కువ భాగము స్నేహితులకు, బంధువులకు, వ్యాపారస్తులకు పోవును. నవ్వు పాలైన బిడ్డకు, వాని తల్లికి పోవునవి ఎన్ని? ఈ ఏటి ప్రతిక్రమణమున తెలిసియో తెలియకయో మాటతో గాయపరచిన ఒక్క బిడ్డనైనను తలచుకొని, వీలైనచో వాని ఇంటికి పోయి, నేరుగా క్షమ కోరిననాడు శ్రావకుని నోటి త్రాసు మరల సరియగును.

జై జినేంద్ర.